ఆరు ఆటలతో సత్తా తేలిపోతుందా?

చదరంగం ఆడే కంప్యూటర్ ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే మనిషితో ఆడించాలి. అరవై ఏళ్లుగా ప్రపంచం నమ్మిన పద్ధతి ఇదే. కానీ ఆ మ్యాచ్‌ల లెక్కలు కాస్త దగ్గరగా చూస్తే, యంత్రం సత్తా కన్నా మనం పెట్టిన పరీక్ష సంగతే ఎక్కువగా బయటపడుతుంది!

ఫోన్‌లో చెస్ యాప్ తెరవండి. కంప్యూటర్‌తో ఆడతానంటే చాలు, ఓ వరుస బొమ్మలు వచ్చేస్తాయి. ఒకదాని పక్కన 800, ఇంకోదాని పక్కన 1500, చిట్టచివర ఉన్నదాని పక్కన 3000 పైనే. మనం 1500 బాట్‌ని ఓడించామంటే వెంటనే స్క్రీన్‌షాట్, ఆ వెంటనే వాట్సాప్ స్టేటస్! ఇంతకీ ఆ 1500 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? దేంతో కొలిచారు?

బియ్యం తూచడానికి కిలో రాయి ఉంది. బట్ట కొలవడానికి మీటరు బద్ద ఉంది. చదరంగం ఆడే యంత్రాన్ని తూచడానికి మాత్రం చాలాకాలం పాటు ఒకే ఒక్క తూకం రాయి ఉండేది... మనిషి. చిక్కంతా అక్కడే. కిలో రాయి అలసిపోదు, భయపడదు, రాత్రి నిద్ర పట్టక మర్నాడు తప్పు తూకం చూపించదు. మనిషి ఇవన్నీ చేస్తాడు.

రేటింగ్ అంటే ఏంటి?

ముందు అంకె సంగతి చూద్దాం. హంగరీలో పుట్టి, అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ అర్పాద్ ఎలో తయారుచేసిన లెక్క ఇది. అమెరికా చెస్ సమాఖ్య దీన్ని 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. అందుకే దీన్ని ఎలో రేటింగ్ అంటారు.

దీని కిటుకు చాలా సింపుల్. ఇద్దరి రేటింగుల మధ్య తేడా 200 ఉంటే, వంద ఆటలాడితే పై ఆటగాడికి సుమారు 76 పాయింట్లు రావాలి. తేడా 400 అయితే 91 దాకా రావాలి. గెలిస్తే 1, డ్రా అయితే అర. అనుకున్నదాని కంటే ఎక్కువ వస్తే మీ రేటింగ్ పెరుగుతుంది, తక్కువ వస్తే తగ్గుతుంది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801కి చేరాడంటే, అతని బుర్రలో 2801 యూనిట్ల తెలివి ఉందని కాదు. ఆ జాబితాలో ఉన్న మిగతా వాళ్లతో ఆడితే అతనికి ఎంత స్కోరు రావచ్చో చెప్పే అంచనా అది.

అంటే రేటింగ్ ఎప్పుడూ ‘ఎవరితో పోలిస్తే’ అన్న ప్రశ్నకు జవాబే. ఒంటరిగా దానికి అర్థం లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా కథంతా ఈజీగా అర్థమైపోతుంది.

టోర్నీలోకి దూరిన ప్రోగ్రామ్

1967లో అమెరికాలోని ఎంఐటీలో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రాసిన ‘మ్యాక్ హ్యాక్’ అనే ప్రోగ్రామ్‌ని మామూలు మనుషులు ఆడే టోర్నీల్లోకి దింపారు. మనుషులతో కలిసి టోర్నీ ఆడి, మనుషుల లెక్కలోనే రేటింగ్ తెచ్చుకున్న తొలి కంప్యూటర్ అదే. మొదటి టోర్నీలో ఒక్క గెలుపూ లేదు. కానీ ఆ ఏడాదిలోనే టోర్నీ ఆటలో మనిషిని ఓడించింది.

పద్ధతిగా చూస్తే ఇది చాలా మంచి పరీక్ష. ఎదురుగా ఎవరు కూర్చున్నా ఆడాలి, గడియారం అందరికీ ఒక్కటే, ఫలితం ఏదైనా లెక్కలోకి వస్తుంది. ప్రత్యేక ఏర్పాట్లేవీ లేవు. తర్వాత కాలంలో పెద్ద పెద్ద మ్యాచ్‌లు జరిగాయిగానీ, ఇంత నిజాయతీ ఉన్న పరీక్షలు తక్కువే.

పదేళ్ల పందెం

ఆ మరుసటి ఏడాది, 1968 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఓ పందెం మొదలైంది. ఒకవైపు స్కాట్లాండ్ ఛాంపియన్ డేవిడ్ లెవీ. మరోవైపు ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పేరు పెట్టిన శాస్త్రవేత్త జాన్ మెకార్తీ. పదేళ్లలోగా తనను మ్యాచ్‌లో ఓడించే కంప్యూటర్ రాదని లెవీ అన్నాడు. వస్తుందని మెకార్తీ అన్నాడు. పందెం 500 పౌండ్లు. తర్వాత మరికొందరు శాస్త్రవేత్తలు కూడా లెవీకి ఎదురుగా నిలబడటంతో అది 1250 పౌండ్లకు చేరింది.

1978లో కెనడాలోని టొరంటోలో తేల్చుకునే రోజు వచ్చింది. లెవీ అప్పటికి ఇంటర్నేషనల్ మాస్టర్. ఎదురుగా నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ల ‘చెస్ 4.7’. లెవీ ప్లాన్ వింటే నవ్వొస్తుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం, కానీ ఆ ఏమీ చేయకపోవడాన్ని మాత్రం చాలా జాగ్రత్తగా చేయడం! ఎందుకంటే అప్పటి కంప్యూటర్‌కు దగ్గరి దెబ్బలు బాగా కనిపిస్తాయి, దూరపు ఆలోచన ఉండదు. కొట్టుకునే అవకాశమే ఇవ్వకపోతే దానికి ఏం చేయాలో తోచదు. దాని స్థానాన్ని అదే పాడుచేసుకుంటుంది.

ప్లాన్ ఫలించింది. 3.5 - 1.5 తేడాతో లెవీ గెలిచాడు. అయితే నాలుగో ఆటలో మాత్రం ప్లాన్ పక్కనపెట్టి, కంప్యూటర్‌కి ఇష్టమైన కొట్లాట ఆటే ఆడి చూశాడు. ఓడిపోయాడు! టోర్నీ నిబంధనల్లో ఓ ఇంటర్నేషనల్ మాస్టర్‌ని కంప్యూటర్ ఓడించడం అదే మొదటిసారి.

ఇప్పుడు చెప్పండి. చెస్ 4.7 సత్తా ఎంత? నాలుగో ఆట చూస్తే ఒక మాట, మిగతావి చూస్తే ఇంకో మాట. యంత్రం అదే, మనిషి అతనే. మారింది మనిషి ఆడిన తీరు ఒక్కటే. యంత్రం బలహీనత తెలిసినవాడితో ఆడిస్తే ఒక రేటింగ్, తెలియనివాడితో ఆడిస్తే మరో రేటింగ్. ఈ తలనొప్పి తర్వాత ముప్పై ఏళ్లూ వెంటాడింది.

లెవీ కథకు ఓ ముగింపు కూడా ఉంది. 1989 డిసెంబరులో ‘డీప్ థాట్’ అనే కంప్యూటర్‌తో నాలుగు ఆటలు ఆడాడు. నాలుగూ ఓడిపోయాడు.

ఒక ఆట కాదు... పాతిక

1980లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ పేరుతో ఓ బహుమతి పెట్టారు. మాస్టర్ స్థాయికి చేరిన తొలి కంప్యూటర్‌కు 5 వేల డాలర్లు. అది 1983లో బెల్ ల్యాబ్స్ వాళ్ల ‘బెల్’కు దక్కింది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ దాని తయారీదారు. రెండో మెట్టు 10 వేల డాలర్లు. చివరి మెట్టు, ప్రపంచ ఛాంపియన్‌ని ఓడిస్తే లక్ష డాలర్లు.

వీటిలో రెండో మెట్టు షరతు చూడండి. ఏదో ఒక గ్రాండ్‌మాస్టర్‌ని ఒక్కసారి ఓడిస్తే చాలదు. మనుషులతో ఆడిన 25 ఆటల్లో 2500 స్థాయి ఆట చూపించాలి. ఎందుకు పాతిక? ఒక్క ఆటలో ఎవరైనా జారిపడొచ్చు కాబట్టి. ఒక్క ఓవర్ చూసి బౌలర్‌ని టీమ్‌లోకి తీసుకుంటామా? ఇదీ అంతే.

1988 నవంబరులో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో జరిగిన టోర్నీలో డీప్ థాట్, డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. ఆ టోర్నీలో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. పాతిక ఆటల షరతునూ దాటి రెండో బహుమతి పట్టేసింది. కానీ 1989 అక్టోబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌తో రెండు ఆటలు ఆడితే, రెండూ ఓడిపోయింది.

ఇదే సమయంలో స్వీడన్‌లో కొందరు ఔత్సాహికులు, పేరు లేదు, ఆర్భాటం లేదు, మరో పని చేస్తున్నారు. అప్పట్లో ఇళ్లలో ఆడుకునే చెస్ కంప్యూటర్లు మార్కెట్లోకి వచ్చాయి. అట్టపెట్టెల మీద కంపెనీలు గొప్ప గొప్ప అంకెలు వేసుకునేవి. స్వీడన్ వాళ్ల సంఘం, ఎస్ఎస్‌డీఎఫ్, ఆ యంత్రాలను ఒకదానితో ఒకటి వేల ఆటలు ఆడించి జాబితా తయారుచేసింది. కానీ యంత్రాల మధ్య తేడా తెలిస్తే సరిపోదు కదా, మనుషుల రేటింగుతో అతుకు వేయాలి. అందుకోసం 1987 నుంచి 1991 వరకూ స్వీడన్ ఆటగాళ్లతో మూడొందలకు పైగా టోర్నీ ఆటలు ఆడించారు.

అయినా అతుకు పూర్తిగా నిలవలేదు. 2000 సంవత్సరంలో మనుషులతో ఆడిన ఫలితాలు చూసుకుని, మొత్తం జాబితాను ఒక్కసారిగా 100 పాయింట్లు కిందికి దించారు. ఏ ప్రోగ్రామూ ఆ రాత్రికి రాత్రి బలహీనపడలేదు. కొలబద్ద సరిచేశారంతే!

ఆ ఒక్క ‘రిజైన్’ లేకుంటే...

ఇక అందరికీ తెలిసిన మ్యాచ్. ఐబీఎం వాళ్ల డీప్ బ్లూ, కాస్పరోవ్. 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో మొదటి మ్యాచ్. తొలి ఆట డీప్ బ్లూదే. కానీ మ్యాచ్ 4 - 2తో కాస్పరోవ్‌ది. 1997 మేలో న్యూయార్క్‌లో మళ్లీ ఆడారు. ఈసారి 3.5 - 2.5తో డీప్ బ్లూ గెలిచింది. సెకనుకు 20 కోట్ల స్థానాలు పరిశీలించే యంత్రం ముందు మనిషి ఓడిపోయాడని ప్రపంచమంతా హెడ్డింగులు పెట్టింది. ఫ్రెడ్కిన్ లక్ష డాలర్లు దాని తయారీదారులకు వెళ్లాయి.

హెడ్డింగ్ పక్కన పెట్టి స్కోరు చూడండి. ఆరు ఆటలు. యంత్రానికి రెండు గెలుపులు, మనిషికి ఒకటి, మూడు డ్రా. ఎలో లెక్కలో చూస్తే ఈ స్కోరు డీప్ బ్లూ సుమారు 60 పాయింట్లు పైన ఉందని చెబుతుంది. కానీ ఆరే ఆటలు కావడంతో ఆ అరవై అన్న అంకె అటూ ఇటూ 200 పాయింట్లకు పైగా ఊగుతుంది. అంటే డీప్ బ్లూ చాలా పైన ఉండొచ్చు, కాస్పరోవే పైన ఉండొచ్చు. స్కోరు రెంటినీ కాదనదు. నాణెం ఆరుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లు బొమ్మ పడిందని నాణెంలో మోసం ఉందనం కదా!

ఇందులో ఇంకో మెలిక ఉంది. రెండో ఆటలో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు. మర్నాటికల్లా విశ్లేషకులు తేల్చిందేంటంటే, ఆ స్థానంలో వరుసగా చెక్‌లు ఇస్తూ పోతే డ్రా అయ్యేది! ఆటలో ఓడిపోనివాడు ఓడానని అనుకున్నాడు. యంత్రం అంత గొప్పగా ఆడింది, దానికి అన్నీ తెలుసు అన్న భయమే అతన్ని అలా నమ్మించింది. ఆ ఒక్క ‘రిజైన్’ డ్రాగా మారి, మిగతావన్నీ అలాగే ఉంటే స్కోరెంత? 3 - 3. హెడ్డింగే వేరు!

నిబంధనల సంగతి కూడా చూడాలి. కాస్పరోవ్ ఆటలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. డీప్ బ్లూ బృందం వాటిని చదువుకుంది. ఆ యంత్రం ఆడిన ఆటలు మాత్రం కాస్పరోవ్‌కి ముందుగా అందలేదు. పైగా ఆటకూ ఆటకూ మధ్య ప్రోగ్రామ్‌లో మార్పులు చేసుకునే వీలు బృందానికి ఉంది. ఇవేవీ మోసం కాదు, ఒప్పుకున్న నిబంధనలే. కాకపోతే ‘యంత్రం సత్తా ఎంత’ అన్న ప్రశ్నకు ఇది సరైన పరీక్షేనా అన్నది వేరే మాట. కాస్పరోవ్ మళ్లీ ఆడదామన్నాడు. ఐబీఎం ఒప్పుకోలేదు. డీప్ బ్లూ అక్కడితో రిటైర్.

డీప్ బ్లూ బలమైనది కాదని దీనర్థం కాదు. చాలా బలమైనదే. ఎంత బలమైనదో ఆరు ఆటలు చెప్పలేవు, అంతే!

ఆనంద్ ఆడితే మూడు జవాబులు

ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పరీక్ష ఏదంటే, డీప్ బ్లూది కాదు. 1998 జులైలో ఇటలీలోని ఇస్కియా దీవిలో మన విశ్వనాథన్ ఆనంద్ ఆడింది. ఎదురుగా సూపర్ కంప్యూటర్ ఏమీ లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్ ష్రోడర్ రాసిన ‘రెబెల్ 10’, అదీ మామూలు పీసీ మీద. మొత్తం ఎనిమిది ఆటలు. కానీ అన్నీ ఒకే టైమ్‌తో కాదు.

ఐదేసి నిమిషాల బ్లిట్జ్ నాలుగు ఆటలు. రెబెల్ 3, ఆనంద్ 1. పదిహేనేసి నిమిషాల ఆటలు రెండు. రెబెల్ 1.5, ఆనంద్ 0.5. పూర్తి టోర్నీ టైమ్‌తో, అంటే 40 ఎత్తులకు రెండేసి గంటలతో రెండు ఆటలు. ఆనంద్ 1.5, రెబెల్ 0.5.

మొత్తంగా రెబెల్ 5 - 3తో గెలిచింది. ఇంతకీ ఎవరు గట్టి? ఐదు నిమిషాలైతే యంత్రం. రెండు గంటలైతే మనిషి. ఒకే యంత్రం, ఒకే ఆటగాడు, ఒకే ఊరు... గడియారం మారగానే జవాబు తిరగబడింది. ఆటలు తక్కువే కాబట్టి ఇక్కడా అంకెను గట్టిగా పట్టుకోలేం. కానీ దారి మాత్రం సరైనది. టైమ్ తగ్గేకొద్దీ మనిషి తప్పులు పెరుగుతాయి. సెకనులో లక్షల స్థానాలు చూసే యంత్రానికి ఆ బాధ లేదు.

1994లో లండన్‌లో జరిగిన రాపిడ్ టోర్నీలో ‘చెస్ జీనియస్’ అనే ప్రోగ్రామ్ కాస్పరోవ్‌ని ఓడించి బయటికి పంపించింది. అవి ఇరవై ఐదేసి నిమిషాల ఆటలు. ప్రపంచ ఛాంపియన్‌నే ఓడించిన ఆ ప్రోగ్రామ్‌ని అదే టోర్నీ సెమీస్‌లో ఎవరు ఆపారనుకున్నారు? ఆనందే. రెండు ఆటలూ గెలిచి! ప్రత్యర్థి మారితే కూడా జవాబు మారుతుందన్నమాట.

మనిషి చేతులెత్తేసిన రోజులు

2002 అక్టోబరులో బహ్రెయిన్‌లో వ్లాదిమిర్ క్రామ్నిక్, ‘డీప్ ఫ్రిట్జ్’ మధ్య మ్యాచ్ జరిగింది. ఈసారి నిబంధనలు మారాయి. ప్రోగ్రామ్‌ని ముందే క్రామ్నిక్ చేతికిచ్చారు. ఇంట్లో దాంతో ఆడుకుని, లోపాలు పట్టుకోవచ్చు. నాలుగు ఆటలయ్యేసరికి 3 - 1తో క్రామ్నిక్ ముందున్నాడు. తర్వాత వరుసగా రెండు ఓడి, చివరికి 4 - 4.

2006 చివర్లో జర్మనీలోని బాన్‌లో మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి 4 - 2తో ఫ్రిట్జ్ గెలిచింది. ఈ మ్యాచ్ రెండో ఆట తలుచుకుంటే చదరంగం ఆడేవాళ్లంతా ఇప్పటికీ తల పట్టుకుంటారు. ఒక్క ఎత్తులో తన రాజు చచ్చే స్థితిని ప్రపంచ ఛాంపియన్ గమనించలేదు! స్కూలు పిల్లలకు కూడా కనిపించే దెబ్బ. పాయింట్ ఫ్రిట్జ్ ఖాతాలో పడింది. న్యాయమే. కానీ ఆ పాయింట్ ఫ్రిట్జ్ ఆట గురించి ఏం చెప్పింది? దాదాపు ఏమీ లేదు. మనిషి అలసట గురించి, ఒత్తిడి గురించి చెప్పింది.

మధ్యలో 2005 జూన్‌లో లండన్‌లో ‘హైడ్రా’ అనే యంత్రం ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌ని 5.5 - 0.5తో చిత్తు చేసింది. ఆడమ్స్ అప్పటికి ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడు. ఇవి కూడా ఆరు ఆటలే. అయితే చూడండి, స్కోరు ఇంత ఏకపక్షంగా ఉన్నప్పుడు ఆరు ఆటలైనా చాలు, ఎవరు పైనో తెలిసిపోతుంది. ఎంత పైనో మాత్రం తెలీదు. తూకం రాయి కన్నా సరుకు మరీ బరువైపోతే తక్కెడ ఒకవైపు నేలకు తగిలి ఆగిపోతుంది. కొలవడం కుదరదు.

అదే ఏడాది నవంబరులో స్పెయిన్‌లోని బిల్బావోలో రుస్లాన్ పొనొమరియోవ్ ఫ్రిట్జ్‌పై ఓ ఆట గెలిచాడు. అగ్రశ్రేణి కంప్యూటర్‌పై మామూలు టోర్నీ పద్ధతిలో, ఏ రాయితీ లేకుండా మనిషి గెలిచిన చివరి ఆటగా దాన్నే చెబుతుంటారు.

ఆ తర్వాత నాలుగేళ్లకే యుద్ధం జేబులోకి వచ్చేసింది. 2009 ఆగస్టులో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన టోర్నీలో ‘పాకెట్ ఫ్రిట్జ్ 4’ పదింటిలో తొమ్మిది గెలిచి, ఒకటి డ్రా చేసింది. అది నడిచింది ఓ హెచ్‌టీసీ ఫోన్ మీద! సెకనుకు 20 వేల స్థానాలు కూడా చూడలేదు. డీప్ బ్లూ చూసినదాంట్లో పదివేలో వంతు. అయినా దాని ప్రదర్శన విలువ 2898 అని లెక్క తేలింది. పది ఆటలే, ఎదుటివాళ్లు ప్రపంచ ఛాంపియన్లూ కాదు. అంకెను అలాగే మింగేయనక్కర్లేదు. కానీ ఒకటి మాత్రం స్పష్టం. గెలిపించింది చిప్ వేగం ఒక్కటే కాదు, ప్రోగ్రామ్ తెలివి కూడా.

గుర్రం తీసేసి ఆడు!

సమానంగా ఆడితే మనిషి గెలవడు. మరి కొలవడం ఎలా? పాతకాలం పద్ధతే మళ్లీ పట్టుకున్నారు. గట్టి ఆటగాడు ముందుగానే ఓ పావు తీసేసి ఆడటం. మన వీధి అరుగుల మీద పెద్దాయనలు పిల్లలతో ఆడేటప్పుడు మంత్రిని పక్కన పెట్టేస్తారే, అదే!

2007లో ‘రిబ్కా’ ప్రోగ్రామ్, గ్రాండ్‌మాస్టర్ జాన్ ఎల్వెస్ట్‌తో ప్రతి ఆటలోనూ ఓ బంటు తక్కువతో ఆడింది. ఎనిమిది ఆటల్లో 5.5 - 2.5తో అదే గెలిచింది. 2016 జనవరిలో ‘కొమోడో’ రకరకాల రాయితీలిచ్చి హికారు నకమురాతో నాలుగు ఆటలు ఆడింది. మూడు డ్రా, ఒకటి కొమోడోకి.

ఇప్పుడు లైచెస్‌లో ‘లీలా’ ప్రోగ్రామ్ బాట్‌లు ఉన్నాయి. గుర్రం లేకుండా ఆడేది ఒకటి, ఏకంగా మంత్రే లేకుండా ఆడేది ఇంకోటి. గుర్రం లేని లీలా చేతిలో బ్లిట్జ్‌లో గ్రాండ్‌మాస్టర్లు కూడా ఓడిపోతున్నారు. ఇక్కడే ఓ తమాషా ఉంది. మామూలు ఇంజిన్‌కి గుర్రం తీసేస్తే అది అంత బాగా ఆడదు. ఎదుటివాడు తప్పు చేయడనే లెక్కతో ఆడుతుంది కాబట్టి, ‘ఎలాగూ ఓడిపోతాను’ అన్నట్టు పావులు మార్చేసుకుంటూ పోతుంది. లీలా రాయితీ బాట్‌లకు మాత్రం అలాంటి స్థితిలో ఆడటం ప్రత్యేకంగా నేర్పారు. ఆటను చిక్కుముడిగా ఉంచి, మనిషి జారిపడే దాకా ఆగుతుంది. అంటే నిఖార్సయిన చదరంగం బలం వేరు, మనిషిని ఓడించే బలం వేరు. రెండింటికీ ఒకే అంకె ఇవ్వలేం.

3600 అంటే నిజంగా 3600యేనా?

ఈ రోజు ఇంజిన్ల జాబితాలు చూస్తే స్టాక్‌ఫిష్ పక్కన 3600 చుట్టుపక్కల అంకె కనిపిస్తుంది. మాగ్నస్ కార్ల్‌సన్ అత్యధిక రేటింగ్ 2882. మొత్తం మానవ చరిత్రలోనే అది రికార్డు. తీసివేస్తే 700 పైన తేడా. కానీ ఈ తీసివేత చేయొచ్చా?

చేయకూడదు. ఇంజిన్లు ఆడేది ఇంజిన్లతోనే. మనుషులు ఆడేది మనుషులతోనే. రెండు గుంపుల మధ్య ఆటలు దాదాపు ఆగిపోయాయి. మార్కెట్లో ఓ కూరగాయల కొట్టు, ఓ బంగారం కొట్టు ఉన్నాయనుకోండి. ఇద్దరూ తమ తమ తూకం రాళ్లు వాడుకుంటూ, ఒకరి రాయి ఒకరు ఎప్పుడూ సరిచూసుకోకపోతే, రెండు కొట్ల అంకెలూ పోల్చలేం కదా. స్టాక్‌ఫిష్ కార్ల్‌సన్ కన్నా పైనే, అందులో ఎవరికీ సందేహం లేదు. ఎంత పైన అన్నదానికే కొలబద్ద లేదు.

అసలు పీటముడి ఇదే. మనిషితో పెట్టే పరీక్షకు అర్థం ఉంటుంది, కానీ ఆటలు తక్కువ. 20 పాయింట్ల తేడా కచ్చితంగా తేల్చాలంటే వందల ఆటలు కావాలి. ఏ ఛాంపియన్ ఆడతాడు? యంత్రానికీ యంత్రానికీ పెట్టే పరీక్షలో ఆటలకు కొదవ లేదు. 2018లో అచ్చయిన వ్యాసంలో ఆల్ఫాజీరో, స్టాక్‌ఫిష్ మధ్య ఏకంగా వెయ్యి ఆటలు ఆడించారు. 155 గెలుపులు, 6 ఓటములు, మిగతావన్నీ డ్రా. లెక్క గట్టిదే. కానీ అది మనిషికి ఎంత దూరమో చెప్పదు. ఒకదాంట్లో అర్థం ఉంది, లెక్క చాలదు. రెండోదాంట్లో లెక్క ఉంది, మనకు కావాల్సిన అర్థం లేదు.

మరి మీ యాప్‌లో 1500?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మీ యాప్‌లో 1500 బాట్ అంటే మామూలుగా ఓ బలమైన ఇంజిన్‌కి పగ్గాలు వేసి ఉంచిందే. ఎక్కువ లోతు చూడకుండా ఆపుతారు, మధ్యమధ్యలో కావాలని తప్పులు చేయిస్తారు. అందుకే అది పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, పదకొండో ఎత్తులో ఊరికే మంత్రిని ఇచ్చేస్తుంది. ఏ 1500 మనిషీ అలా ఆడడు. స్కోరు మనిషిదే, ఆట మాత్రం మనిషిది కాదు!

దీన్ని సరిచేయడానికే 2020లో టొరంటో, కార్నెల్ యూనివర్సిటీలు, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి ‘మాయా’ అనే ప్రోగ్రామ్ తెచ్చారు. లైచెస్‌లో మామూలు జనం ఆడిన కోట్లాది ఆటలు చూపించి, 1100 నుంచి 1900 దాకా ఒక్కో స్థాయి మనిషి ఏ ఎత్తు వేస్తాడో ఊహించడం దానికి నేర్పారు. సరైన ఎత్తు కాదు, మనిషి వేసే ఎత్తు. సగానికి అటూ ఇటూగా సరిగ్గానే ఊహించింది. యంత్రం మనిషిని ఎంత తేడాతో ఓడిస్తుందన్నది ఒక కొలత. మనిషిలా ఎంత బాగా ఆడుతుందన్నది మరో కొలత. నేర్చుకునేవాళ్లకు రెండోదే ఎక్కువ ఉపయోగం.

ఇంకో చిన్న సంగతి. లైచెస్ 1500, చెస్.కామ్ 1500, ఫిడే 1500... మూడూ ఒకటి కాదు. ఏ గుంపు రేటింగ్ ఆ గుంపుదే. యాప్‌లో 1800 ఉందని మొదటి ఫిడే టోర్నీకి ధీమాగా వెళ్లి బిక్కమొహం వేసే కుర్రాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల ఆట తగ్గలేదు, తక్కెడ మారింది.

హెడ్డింగ్ నమ్మే ముందు ఈ ఐదూ అడగండి

ఒకటి, ఎన్ని ఆటలు? ఆరు ఆటలైతే అంకెను తేలిగ్గా తీసుకోండి. వంద దాటితే కాస్త నమ్మండి.

రెండు, టైమ్ ఎంత? ఐదు నిమిషాల ఫలితాన్ని రెండు గంటల ఆటకు అతికించకండి.

మూడు, యంత్రం దేని మీద నడిచింది? మధ్యలో మార్చే వీలుందా?

నాలుగు, మనిషికి సిద్ధమయ్యే అవకాశం ఇచ్చారా? యంత్రం పాత ఆటలు చూపించారా?

ఐదు, పోల్చింది ఎవరితో? రేటింగ్ ఏ గుంపులోది?

ఈ ప్రశ్నలు చదరంగానికే పరిమితం కావు. ఏఐ డాక్టర్ల కన్నా బాగా జబ్బు కనిపెట్టిందట, లాయర్ల పరీక్ష పాసైందట, కోడింగ్ పోటీలో మనుషుల్ని దాటేసిందట... రోజుకో హెడ్డింగ్ మీ ఫోన్‌లోకి వస్తూనే ఉంటుంది. రేపు మీ ఉద్యోగం ఇంటర్వ్యూలోనో, మీ అమ్మ స్కానింగ్ రిపోర్ట్ దగ్గరో ఆ అంకెలే నిర్ణయాలు తీసుకోవచ్చు. ఎన్ని కేసుల మీద పరీక్షించారు? ఎంత టైమ్ ఇచ్చారు? ప్రశ్నలు ముందే చూపించారా? ఎదురుగా పెట్టింది ఎలాంటి డాక్టర్లని? అవే ఐదు ప్రశ్నలు, కాస్త బట్టలు మార్చుకుని వస్తాయి.

చదరంగంలో మనిషి ఓడిపోయాడన్నది పాత వార్త. ఓడినా, తనను ఓడించినదాన్ని ఎలా కొలవాలో అరవై ఏళ్ల పాటు తంటాలు పడుతూ నేర్చుకున్నాడు. ఆ పాఠం ఇప్పుడు చదరంగం ఆడనివాళ్లకు కూడా అవసరమే.